మొదటి మాత్ర కంటే ముందు: కిడ్నీ ఇన్‌ఫెక్షన్లు నేర్పిన పాఠాలు

ప్రభుత్వ బోధనాసుపత్రి మెడికల్ వార్డులోనూ, తర్వాత ఐసీయూలోనూ పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఇప్పటికీ మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ల్యాబ్ రిపోర్టు పట్టుకుని మా గడప తొక్కుతారు. ఆ కాగితాల్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మూత్రం కల్చర్ రిపోర్టు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్ మాత్రలో, నార్‌ఫ్లాక్సాసిన్ మాత్రలో రాసిస్తే చాలామందికి తగ్గిపోయేది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, ఆ తర్వాత సెఫ్ట్రియాక్సోన్ సూది. ఇవాళ అదే రిపోర్టులో ఈ పేర్లన్నిటికీ ఎదురుగా ‘ఆర్’ అని, అంటే ఈ మందుకు క్రిమి లొంగదని, వరసగా కనిపిస్తోంది.

ఊహించి మందు వేసే రోజులు పోయాయి. ఇది పనిచేయకపోతే ఇంకోటి చూద్దాంలే అనుకునే ఆ రెండు మూడు రోజుల్లోనే కిడ్నీలోని ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి దిగి సెప్సిస్‌గా మారుతోంది. కనుక పరీక్ష మానకూడదు, ఆలస్యమూ చేయకూడదు. వార్డులో నేను నేర్చుకున్నవన్నీ ఈ రెండు మాటల చుట్టూనే ఉన్నాయి.

1. ‘వేడి చేసింది’ దగ్గర ఆగిపోవద్దు

మూత్రం మంటగా వస్తే మన ఇళ్లలో మొదట వినిపించేది ‘వేడి చేసింది’ అనే మాట. బార్లీ నీళ్లు కాస్తారు, సబ్జా గింజలు నానబెడతారు, కొబ్బరి బొండాం తెప్పిస్తారు. వాటితో ఒంటికి నీరు అందుతుంది, తప్పులేదు. అయితే ఆ మంటకు కారణం చాలాసార్లు ఈ-కోలై అనే బ్యాక్టీరియా. అది మన పేగుల్లో ఎప్పుడూ ఉండేదే, అక్కడున్నంతకాలం పేచీ లేదు. మూత్రమార్గంలోకి చేరితే మాత్రం మూత్రాశయంలో తిష్ఠ వేసి, అక్కడి నుంచి మూత్రనాళాల వెంట కిడ్నీ దాకా పాకగలదు. బార్లీ నీళ్లు దాన్ని చంపలేవు.

మూత్రాశయంలోనే ఉంటే మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి ఉంటాయి. కిడ్నీకి చేరితే చలి, జ్వరం, వాంతులు, పక్కటెముకల కింద వీపు వైపు ఒక పక్కన నొప్పి వస్తాయి. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మొదటి రకానికి ఆ రోజో మర్నాడో డాక్టరు దగ్గరికి వెళ్లవచ్చు. రెండో రకానికి ఆ పూటే వెళ్లాలి.

2. వణుకుతో జ్వరం వస్తే మూత్రం సంగతి అడగండి

చలిజ్వరం అనగానే మన దగ్గర మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు చేయిస్తారు. చేయించాల్సిందే. కానీ మూత్రం సంగతి అడిగేవాళ్లు తక్కువ. పెద్దావిడైతే కొడుకు ముందు, అల్లుడి ముందు ఆ మాట చెప్పడానికి మొహమాటపడుతుంది. నేను మగవాళ్లను కాసేపు బయట ఉండమని, మంచం పక్కన కూర్చుని, ‘అమ్మా, ఒంటికెళ్లినప్పుడు మంటగా ఉంటోందా? రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నావు?’ అని అడిగేదాన్ని. అప్పుడు బయటపడేది, రోజుల తరబడి బాధపడుతూ ఎవరికీ చెప్పలేదని.

వయసు మళ్లినవాళ్లలో జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి తిండి మానేయడం, మగతగా పడుకోవడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం కనిపిస్తే ‘పెద్దతనం’ అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

దీనికి రెండో వైపు కూడా తెలుసుకోవాలి. ఏ బాధా లేని పెద్దవాళ్ల మూత్రంలోనూ బ్యాక్టీరియా కనిపిస్తుంది, చాలాసార్లు అది ఏ హానీ చేయదు. వాసన వచ్చిందనో, రిపోర్టులో క్రిమి పేరు ఉందనో యాంటీబయాటిక్ వేస్తే లాభం లేకపోగా మొండి క్రిములు పెరుగుతాయి. గర్భిణులకూ, మూత్రమార్గంలో ఆపరేషన్ జరగబోయేవాళ్లకూ మాత్రం బాధ లేకపోయినా చికిత్స చేయాలి.

3. మొదటి మాత్రకు ముందే కల్చర్ సీసా

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇదే. యాంటీబయాటిక్ ఒక్క మోతాదు ఒంట్లో పడ్డా కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు. అప్పుడు రిపోర్టులో ‘ఏమీ పెరగలేదు’ అని వస్తుంది, లోపల మాత్రం ఇన్‌ఫెక్షన్ అలాగే ఉంటుంది. ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకునే అవకాశం చేజారిపోతుంది.

నమూనా పట్టడం కూడా నేర్చుకోవాలి. చేతులు కడుక్కుని, మూత్రద్వారం దగ్గర మంచినీళ్లతో శుభ్రం చేసుకోవాలి. మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలోది ల్యాబ్ వాళ్లిచ్చిన శుభ్రమైన సీసాలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరిగి ఇచ్చిన సీసాలో, పట్టేటప్పుడు చేరిన బయటి క్రిములు కూడా పెరుగుతాయి. ఆ రిపోర్టును నమ్మి మందు వేస్తే అసలు క్రిమి తప్పించుకుంటుంది.

కల్చర్ ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. జ్వరం, చలి ఉన్న మనిషికి అంతదాకా మందు ఆపమని కాదు నేను చెప్పేది. సీసా నింపి ఇచ్చిన వెంటనే మందు మొదలుపెట్టాలి. రిపోర్టు వచ్చాక దాని ప్రకారం మార్చుకోవాలి. ఆసుపత్రిలో చేరేంత జబ్బయితే రక్తం కల్చర్ కూడా పంపుతారు. ఈ రెంటికీ పట్టేది కొన్ని నిమిషాలే, కానీ తర్వాతి వారమంతా చికిత్స వాటి మీదే నడుస్తుంది.

4. ‘ఎస్’ ఉన్నంత మాత్రాన ఆ మందు కిడ్నీకి పనికొస్తుందని కాదు

రిపోర్టులో ‘ఎస్’ అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుందని అర్థం. చాలామంది ఆ జాబితాలో మాత్ర రూపంలో ఉన్న పేరు చూసుకుని నేరుగా మందుల షాపుకు వెళ్తారు. ఇక్కడే ప్రమాదముంది. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రాశయంలోని ఇన్‌ఫెక్షన్‌కు చక్కటి మందు. మూత్రంలో బాగా చేరుతుంది కానీ కిడ్నీ కణజాలంలో, రక్తంలో చాలినంత నిలవదు. నోటితో తీసుకునే ఫాస్ఫోమైసిన్ సంగతీ అంతే. జ్వరం, వీపునొప్పి ఉన్న మనిషికి వీటిని వేస్తే మంట తగ్గినట్టుంటుంది, కిడ్నీలో ఇన్‌ఫెక్షన్ మాత్రం సాగుతూనే ఉంటుంది.

రిపోర్టు కింద ‘ఈఎస్‌బీఎల్’ అని ఉందేమో చూడండి. సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆ క్రిమి తయారుచేస్తోందని దాని అర్థం. జబ్బు తీవ్రంగా ఉంటే మెరోపెనెమ్, ఎర్టాపెనెమ్ లాంటి సూదిమందులు అవసరమవుతాయి. వాటినీ విరగ్గొట్టే క్రిములు వచ్చేశాయి. 2008లో మన దేశంలో ఆసుపత్రిలో ఉండి తిరిగివెళ్లిన స్వీడన్ రోగి ఒకరి మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలోనే ఎన్‌డీఎమ్-1 అనే ఎంజైమ్‌ను మొదటిసారి గుర్తించారు. అది కూడా మూత్రం ఇన్‌ఫెక్షనే. అలాంటి క్రిమికి చివరి అస్త్రంగా వాడే మందుల్లో కొలిస్టిన్ ఒకటి, అది కిడ్నీలనే దెబ్బతీయగలదు. మందుల వరస ఎంత పొట్టిదైపోయిందో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. రిపోర్టు చదివి మందు ఎంచే పని డాక్టరుకే వదలండి.

5. సెప్సిస్‌లో గంటలు లెక్కపెట్టాలి

క్రిములపై శరీరం చేసే ఎదురుదాడి అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడాన్ని సెప్సిస్ అంటాం. రక్తనాళాలు వదులై రక్తపోటు పడిపోతుంది, కిడ్నీలు, ఊపిరితిత్తులు, మెదడు ఒక్కొక్కటిగా కుంటుపడతాయి. 2017లో ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందనీ, కోటీ 10 లక్షల మరణాలు దానితో ముడిపడి ఉన్నాయనీ అంచనా.

ఇంట్లో గుర్తుపట్టగలిగే గుర్తులున్నాయి. ఊపిరి నిమిషానికి 22 సార్లు, అంతకంటే ఎక్కువ తీసుకోవడం. బీపీ పై అంకె 100, అంతకంటే తక్కువ ఉండటం. మాట తడబడటం, పిలిస్తే సరిగ్గా పలకకపోవడం. మూత్రం బాగా తగ్గిపోవడం. చేతులు, కాళ్లు చల్లబడి చర్మం మీద నీలి మచ్చల్లా కనిపించడం. ఇన్‌ఫెక్షన్ ఉన్న మనిషిలో వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేసి, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బంధువులు ఎన్నోసార్లు నాతో, ‘సిస్టర్, జ్వరం దిగిపోయింది, ఒళ్లు చల్లగా ఉంది’ అని ఊరటగా చెప్పేవారు. వెళ్లి చూస్తే మనిషి మగతలో ఉండేవారు, బీపీ అందేది కాదు. జ్వరం దిగి మనిషి లేచి కూర్చుని, ఆకలంటే అది నయం కావడం. జ్వరం దిగి మనిషి నీరసించిపోతే అది ప్రాణాపాయం.

ఆసుపత్రిలో మొదటి గంటలో జరగాల్సినవి ఇవి: కల్చర్లకు నమూనాలు తీయడం, యాంటీబయాటిక్ ఎక్కించడం, రక్తంలో లాక్టేట్ చూడటం, బీపీ పడిపోతే సెలైన్ పెట్టడం. సెలైన్‌కు మొదటి మూడు గంటల్లో కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున లెక్క. దానికీ బీపీ లేవకపోతే బీపీని పెంచే నార్‌అడ్రినలిన్. బీపీ పడిపోయాక సరైన యాంటీబయాటిక్ పడటానికి ఆలస్యమైన ఒక్కో గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గిందని 2006లో కెనడా, అమెరికా ఆసుపత్రుల అధ్యయనమొకటి చూపింది. ‘సరైన’ అన్న మాట గుర్తుంచుకోండి. క్రిమి లొంగని మందును గంటలోపే ఎక్కించినా, ఎక్కించనట్టే.

మేం నర్సులం ఐసీయూలో గంటగంటకూ మూత్రం సంచి చూసేవాళ్లం. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. అంతకు తగ్గుతోందంటే డాక్టరును లేపాల్సిందే. మీ మనిషి మంచం పక్కన మీరున్నప్పుడు ఆ సంచి వైపు మీరూ ఒక కన్నేసి ఉంచండి. తగ్గితే నర్సుకు చెప్పండి, విసుక్కుంటారని సందేహించవద్దు.

6. దారి మూసుకుపోతే మందు ఒక్కటే చాలదు

చెత్త అడ్డుపడిన కాలువలో ఎంత మందు పోసినా మురుగు పోదు, అడ్డు తీయాలి. మూత్రనాళంలో రాయి అడ్డుపడి, దాని పైన కిడ్నీలో చీము పట్టిందంటే పరిస్థితి అదే. మందు లోపలికి సరిగ్గా చేరదు, చీము బయటికి రాదు. చీముకు దారి చేయడం అర్ధరాత్రయినా వెంటనే చేయాల్సిన పని. లోపలి నుంచి మూత్రనాళంలో డీజే స్టెంట్ అనే గొట్టం వేస్తారు, లేదా వీపు వైపు నుంచి కిడ్నీలోకి సన్నటి గొట్టం వేసి చీము బయటికి తీస్తారు. రాయి తీసే ఆపరేషన్ ఇన్‌ఫెక్షన్ తగ్గాకే చేస్తారు. అందుకే సెప్సిస్ అనుమానం ఉన్నప్పుడు కిడ్నీల స్కానింగ్ ఆలస్యం కాకూడదు. ప్రొస్టేట్ ఉబ్బి మూత్రానికి అడ్డుపడే మగవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

స్టెంట్ వేసి ఇంటికి పంపాక దాన్ని తీయించుకోవడం మరిచిపోయేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. నొప్పి పోయింది కదా అని నెలలు, సంవత్సరాలు వదిలేస్తే స్టెంట్ చుట్టూ రాయి పేరుకుంటుంది, దాని మీద మొండి క్రిములు గూడు కట్టుకుంటాయి. డిశ్చార్జి కాగితంలో స్టెంట్ తీసే తేదీ రాయించుకుని, గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

7. షుగర్ ఉన్నవాళ్లకు రెట్టింపు జాగ్రత్త

షుగర్ అదుపులో లేనివాళ్లలో కిడ్నీ ఇన్‌ఫెక్షన్ త్వరగా ముదురుతుంది. కొందరిలో క్రిములు కిడ్నీలోనే గ్యాస్ తయారుచేస్తాయి. సీటీ స్కాన్‌లో నల్లగా కనిపించే ఆ గ్యాస్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది షుగర్ రోగులే. ఒకప్పుడు అలాంటి కిడ్నీని తీసేయడమే మార్గం అనుకునేవారు. ఇప్పుడు త్వరగా వస్తే మందులతో, గొట్టం వేసి చీము తీయడంతో చాలామంది కిడ్నీని కాపాడుతున్నారు.

నొప్పి తగ్గాలని డైక్లోఫినాక్ సూది వేయించుకోవడం మన ఊళ్లలో మామూలైపోయింది. సెప్సిస్‌తో రక్తపోటు తగ్గుతున్న సమయంలో అది కిడ్నీలకు అందే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ చాలు. వాంతులై, తిండి తినలేని స్థితిలో షుగర్ మాత్రల్లో ఏవి ఆపాలో డాక్టరును ఆ రోజే అడగండి.

8. అవసరం తీరిన గొట్టాన్ని ఒక్క రోజు కూడా ఉంచవద్దు

మూత్రానికి వేసిన గొట్టం, అంటే క్యాథెటర్, క్రిములకు నిచ్చెన లాంటిది. అది ఉన్న ఒక్కో రోజుకూ మూత్రంలో క్రిములు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. ఆసుపత్రిలో మీవాళ్లకు గొట్టం ఉంటే రోజూ పొద్దున రౌండ్స్‌లో ‘ఇది ఇంకా అవసరమేనా డాక్టరు గారూ?’ అని అడగండి. సంచిని ఎప్పుడూ మంచం ఎత్తు కంటే కిందే వేలాడదీయాలి, నేలకు తగలకూడదు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లేటప్పుడు రోగి పొట్ట మీద పెట్టకూడదు. సంచికీ గొట్టానికీ మధ్య అతుకు ఊడదీయకూడదు.

9. ఆడవాళ్లకు నీళ్లూ కావాలి, మరుగుదొడ్డీ కావాలి

ఆడవాళ్లలో మూత్రద్వారం నుంచి మూత్రాశయానికి దూరం సుమారు 4 సెంటీమీటర్లే, క్రిములకు దారి దగ్గర. అది ప్రకృతి. దానికి మనం మరో కష్టం జోడించాం. మిరప కోతలకు వెళ్లే కూలీలకు చేలో చాటు ఉండదు. బడిలో మరుగుదొడ్డికి తలుపు సరిగ్గా లేక ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటారు. బట్టల షాపుల్లో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయిలు, దూరప్రాంతపు బస్సుల్లో ప్రయాణించే తల్లులు, ఎన్నికల డ్యూటీకి వెళ్లే టీచర్లు, అందరూ ఒకే ఉపాయం కనిపెట్టారు: నీళ్లు తాగకపోవడం. వార్డులో నా దగ్గరికి వచ్చిన ఎందరో స్త్రీలు ఈ మాటే చెప్పారు.

మాటిమాటికీ మూత్రాశయం ఇన్‌ఫెక్షన్ వచ్చే స్త్రీలు రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగితే అది తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గిందని 2018లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. యాంటీబయాటిక్ అవసరం రాకుండా చేసే చికిత్స ఇంతకంటే చవకైనది లేదు. గుండె జబ్బు, కిడ్నీ వైఫల్యం ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే తాగాలి. యజమానులకూ, హెడ్‌మాస్టర్లకూ, సర్పంచులకూ నా విన్నపం ఒక్కటే. మీరు కట్టించే శుభ్రమైన మరుగుదొడ్డి, అందులో తలుపు, నీళ్లు, రేపటి ఐసీయూ మంచాన్ని ఖాళీగా ఉంచుతాయి.

10. మందుల షాపులో మీరు చేసే పని మీ ఒక్కరిదే కాదు

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు నేతృత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. తెలుగువాళ్లం గర్వపడే చరిత్ర అది. అదే తెలుగు నేల మీద, హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందం ప్రచురించింది. చికిత్స పొందే మనిషి రక్తంలో ఉండే స్థాయిని మించిన మోతాదు అది. క్రిములు మందును ఓడించడం నేర్చుకునే బడి అలాంటి నీళ్లలోనూ ఉంది, మన ఇంటి అలమరలోనూ ఉంది.

మందుల షాపులో చీటీ లేకుండా రెండు రోజుల మాత్రలు కొనడం, మిగిలిన నాలుగు మాత్రలు పక్కింటావిడకు ఇవ్వడం, పోయినసారి రాసిన చీటీతోనే ఈసారీ కొనడం, ఇవన్నీ ఆ బడికి పాఠాలే. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ లాంటి మందులు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. మందు రేకు మీద ఎర్ర గీత కనిపిస్తే డాక్టరు చీటీ లేకుండా అడగవద్దు. కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు, చేపలకు వాడటాన్ని 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. చెరువులు, ఫారాలు ఉన్నవాళ్లు ఆ నిషేధాన్ని తమ పిల్లల ప్రాణాల కోసమే పాటిస్తున్నామనుకోవాలి. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడండి. బాగుందని మధ్యలో ఆపవద్దు, భయంతో సొంతంగా పొడిగించనూ వద్దు.

11. ఇంటికి వచ్చాక కోలుకోవడానికి వ్యవధి ఇవ్వండి, ఫైలు పారేయవద్దు

సెప్సిస్ నుంచి బయటపడ్డవాళ్లు ఇంటికి రాగానే మునుపటిలా అవుతారని ఆశించవద్దు. కండరాల నీరసం, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, దిగులు నెలల తరబడి ఉండవచ్చు. ‘ఎప్పుడూ పడుకునే ఉంటావేంటి’ అని కోడలినో, తల్లినో దెప్పవద్దు. రోజూ కాస్త నడిపించండి, బలమైన తిండి పెట్టండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష డాక్టరు చెప్పిన తేదీకి చేయించండి.

ఒకసారి మొండి క్రిమి వచ్చిన మనిషికి మళ్లీ ఇన్‌ఫెక్షన్ వస్తే అదే క్రిమి అయ్యే అవకాశం ఎక్కువ. అందుకని ఒక తెల్ల కాగితం మీద ఈ వివరాలు రాసి ఫైలులో అన్నిటికంటే పైన పెట్టండి: కల్చర్‌లో వచ్చిన క్రిమి పేరు, తేదీ, ఏ మందుకు లొంగింది, ఏవి ‘ఆర్’ అని వచ్చాయి, ఏ మందు పడదు, షుగర్, బీపీలకు ఏం వాడుతున్నారు, స్టెంట్ ఉందా, చివరి క్రియాటినిన్ ఎంత. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్లాల్సివస్తే మొదట ఆ కాగితం డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టండి. కల్చర్ ఫలితం రావడానికి రెండు రోజులు పట్టినా, మొదటి గంటలోనే సరైన మందు ఎంచుకోవడానికి ఆయనకు అది ఆధారమవుతుంది.